రాత్రి పదిన్నరకు పాడే గొంతు

శ్రీకాకుళం జిల్లా నుంచి ఒక టీచరు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరూ ఊరూ వద్దన్నారు. ఆమెకు 38 ఏళ్లు. ఇద్దరే టీచర్లున్న ప్రాథమిక పాఠశాలలో, మూడు తరగతుల పిల్లల్ని ఒకే గదిలో కూర్చోబెట్టుకుని పాఠాలు చెబుతారు. చిన్నప్పుడు పక్క వీధి మాస్టారి దగ్గర ఎనిమిదో తరగతి నుంచి ఇంటర్ దాకా సంగీతం నేర్చుకున్నారు. సరళీ వరసలతో మొదలై నాలుగు ఆదితాళ వర్ణాల దాకా వచ్చింది. తర్వాత డిగ్రీ, ఉద్యోగం, పెళ్లి, పిల్లలు. చివరి పద్నాలుగేళ్లు పాట జోలికే పోలేదు.

కిందటి ఏడాది మే నెలలో బంధువుల గృహప్రవేశంలో పెద్దవాళ్లు అడిగితే మొహమాటపడుతూనే ఒక కీర్తన పాడారు. 'ఇంత గొంతు పెట్టుకుని ఎందుకు మానేశావు' అని అందరూ అడిగారు. బెంగళూరులో ఉన్న తమ్ముడు కండెన్సర్ మైకు, దాన్ని ల్యాప్‌టాప్‌కి కలిపే ఆడియో ఇంటర్‌ఫేస్ కొని పంపాడు. అప్పటినుంచి పిల్లలు పడుకున్నాక, రాత్రి పదిన్నరకు ముందు గదిలో తలుపులు వేసుకుని, ఫ్యాన్ ఆపుకుని పాడుతున్నారు. శ్రుతి పెట్టె యాప్‌లో ఆరు శ్రుతి (శ్రుతి అంటే పాటకి ఆధారమైన 'స' ఎత్తు, అంకె పెరిగితే ఎత్తు పెరుగుతుంది) పెట్టుకుంటారు, మాస్టారు నేర్పింది ఆ శ్రుతిలోనే కాబట్టి. రికార్డింగులు బంధువుల వాట్సాప్ గ్రూపులో పెడితే ఆడపడుచు 'ఫంక్షన్లో విన్న గొంతు ఇది కాదే వదినా' అంది. మేనమామ 'పైకి వెళ్లేసరికి పీలగా అయిపోతోందమ్మా' అన్నారు. శనివారం వచ్చేసరికి గొంతు బొంగురుపోతోంది, ఆదివారం సాయంత్రానికి తేరుకుంటోంది. భర్త మంచివారు. 'మైకు బాగోలేదేమో, 15 వేలు పెట్టి ఇంకోటి కొందాం' అంటున్నారు. 'నా గొంతు నిజంగా పోయిందా? మైకు మార్చాలా? ఈ వయసులో మళ్లీ గురువు దగ్గరికి వెళ్లాలా? లేక ఈ సరదా మానుకుని పిల్లల చదువు చూసుకోవాలా?' ఇవీ ఆమె ప్రశ్నలు.

అమ్మా, ఉత్తరంతో పాటు మీరు పంపిన రెండు రికార్డింగులూ హెడ్‌ఫోన్ పెట్టుకుని మూడేసి సార్లు విన్నాను. రెండో దానిలో మీరు పల్లవి రెండోసారి ఎత్తుకుంటున్నప్పుడు లోపలి గదిలో ఒక పిల్లాడు దగ్గాడు. ఆ దగ్గు వినపడగానే మీ గొంతు సగానికి పడిపోయింది. పాట అయ్యేదాకా మళ్లీ లేవలేదు. మీరు గమనించారో లేదో గానీ, నాకు మాత్రం మీ నాలుగు పేజీలకీ సమాధానం ఆ దగ్గు దగ్గరే దొరికింది.

గృహప్రవేశం రోజు మీరు ఎలా పాడారో ఒకసారి గుర్తు చేసుకోండి. మే నెల, బడికి సెలవులు. కొన్ని వారాలుగా మీరు క్లాసులో అరవలేదు. పొద్దున్న పూట, నలుగురి మధ్య, ఎవరికి నిద్ర చెడుతుందోనన్న భయం లేకుండా పాడారు. శ్రుతి పెట్టె లేదని కూడా మీరే రాశారు. అంటే నోటికి వచ్చిన ఎత్తులో, మీ గొంతుకి హాయిగా ఉన్న చోట ఎత్తుకున్నారు. ఇప్పుడేమో రోజంతా మూడు తరగతులకి వినపడేలా చెప్పి, తొమ్మిదిన్నరకు భోంచేసి, పదిన్నరకు నిండు కడుపుతో, పిల్లలు లేవకుండా గొంతు నొక్కిపెట్టి, పదమూడేళ్ల పిల్లగా ఉన్నప్పుడు పెట్టుకున్న శ్రుతిలో పాడుతున్నారు. మీ ఆడపడుచు విన్నది నిజమే, అది వేరే గొంతు. కానీ ఫంక్షన్లో వినిపించింది కూడా మీ గొంతే కదా. అది ఎక్కడికీ పోలేదు. దాన్ని వాడే వేళ, తీరు మారాయి.

ముందు ఆరోగ్యం సంగతి. బొంగురు ఆదివారం సాయంత్రానికి తగ్గుతోందంటే అది అలసట అనుకోవచ్చు. కానీ టీచర్లకు ఈ ఇబ్బంది మామూలు జనం కంటే ఎక్కువ. గొంతులో శబ్దం పుట్టించే స్వర తంత్రులు రోజూ గట్టిగా కొట్టుకుంటూ ఉంటే వాటి అంచున కాయ కాసినట్టు చిన్న గడ్డలు లేస్తాయి. బొంగురు మూడు నాలుగు వారాలు విడవకుండా ఉంటే, లేదా పాడుతున్నప్పుడు నొప్పి వస్తే, ఆలస్యం చేయకుండా ఇ.ఎన్.టి. డాక్టరు దగ్గరికి వెళ్లండి. చిన్న కెమెరాతో తంత్రుల్ని చూస్తారు. అలాంటి గడ్డలు తొలిదశలో ఉంటే గొంతుకి విశ్రాంతి, స్పీచ్ థెరపీతోనే చాలామందికి తగ్గిపోతాయి. పాఠాలు చెప్పడం మొదలుపెట్టిన కొత్తలో నేను ఒకే రోజు ఆరు బ్యాచ్‌లు చెప్పి, పది రోజులు మాట లేకుండా ఉండాల్సి వచ్చింది. ఆ పది రోజుల భయం ఇప్పటికీ గుర్తుంది, అందుకే మీకు ఇంత గట్టిగా చెబుతున్నాను.

మీరు పుచ్చుకుంటున్న మిరియాల పాలు, బుగ్గన పెట్టుకుంటున్న కరక్కాయ ముక్క మానొద్దు, గొంతుకి హాయిగా ఉంటుంది. అయితే తినేదీ తాగేదీ ఆహారనాళంలోకి పోతుంది. స్వర తంత్రులు శ్వాస దారిలో ఉన్నాయి. మందు వాటిని తాకదు. ఆవిరి తాకుతుంది. నీళ్లు కూడా పాడే ముందు గ్లాసుడు తాగితే చాలదు, పొద్దుటి నుంచీ తాగుతూ ఉంటే ఒంట్లోంచి అక్కడికి చేరతాయి. బడికి సీసా తీసుకెళ్లండి. రెండు పీరియడ్ల మధ్య గొంతు సవరించుకోవాలనిపించినప్పుడు ఖంగుఖంగుమని దగ్గకుండా ఒక గుక్క మింగండి. ఆ సవరింపు కూడా తంత్రులకు దెబ్బే.

ఇక మీ ఆయన కొందామంటున్న 15 వేల మైకు గురించి. ఇప్పుడే వద్దు. ఆ డబ్బులో కొంత పెట్టి వేరే మైకు ఒకటి కొనమంటాను, అది బడికి. నడుముకి కట్టుకునే చిన్న స్పీకరు, నోటి దగ్గరికి వచ్చే మైకు కలిపి ఒక సెట్‌గా దొరుకుతాయి. టూరిస్టు గైడ్లు, ట్యూషన్ మాస్టార్లు పెట్టుకుని కనిపిస్తుంటారు. మొదటి రెండు రోజులు పిల్లలు నవ్వుతారు, తోటి టీచరు ఏమన్నా అనొచ్చు. మూడో రోజుకి అలవాటైపోతుంది. మీ గొంతులో సింహభాగం బడిలోనే ఖర్చవుతోంది. అక్కడ మిగిల్చుకోకుండా రాత్రి పూట ఎంత ఖరీదైన మైకు ముందు పాడినా అలసిన గొంతే రికార్డవుతుంది. మైకు పెట్టుకోవడం ఇష్టం లేకపోతే ఇంకో దారి: నిశ్శబ్దం కావాల్సినప్పుడు అరవకుండా చప్పట్లో, చిన్న గంటో వాడండి, గది అవతలి వైపున్న తరగతికి అక్కడికే వెళ్లి చెప్పండి. డబ్బు ఖర్చు లేదు గానీ అలవాటు కావడానికి నెల పడుతుంది, మధ్యలో మర్చిపోయి అరుస్తూనే ఉంటారు.

శ్రుతి గురించి కొంచెం వివరంగా చెప్పాలి, మేనమామ గారు పట్టుకున్న లోపం ఇక్కడిదే. ఆరు శ్రుతిలో తారస్థాయి షడ్జమం, అంటే పై 'స', పాడుతున్నప్పుడు మీ స్వర తంత్రులు సెకనుకి 440 సార్లు కలిసి విడిపోతాయి. అయిదు శ్రుతిలో అదే షడ్జమానికి 392 సార్లు. హార్మోనియం మీద రెండు మెట్ల తేడా, అంతే. కానీ రోజంతా మాట్లాడి వాచిన తంత్రులకు ఆ రెండు మెట్లు మేడ ఎక్కినట్టే. చిన్నపిల్లలకి ఎత్తు శ్రుతి పెట్టడం మామూలే, మాస్టారి తప్పేం లేదు. పద్నాలుగేళ్లలో, ఇద్దరు పిల్లల్ని కన్నాక, వయసుతో పాటు గొంతు కాస్త దిగుతుంది. ఆడవాళ్లలో చాలామంది నాలుగున్నర నుంచి ఆరు మధ్యలో పాడతారు.

మీ శ్రుతి ఏదో మీరే కనుక్కోవచ్చు. ఆదివారం ఉదయం లేచిన గంట తర్వాత, యాప్ పెట్టకుండా, గృహప్రవేశంలో పాడిన అదే కీర్తన ఎత్తుకోండి. పల్లవి అయ్యాక షడ్జమం పట్టుకుని ఆపండి. అప్పుడు యాప్ తెరిచి ఆ షడ్జమం ఏ శ్రుతికి కలుస్తుందో చూడండి. మూడు ఆదివారాలు ఇలా చేస్తే మూడుసార్లూ దగ్గర దగ్గరగా ఒకే చోట వస్తుంది. అయిదో, అయిదున్నరో వస్తుందని నా అంచనా. అక్కడ తార పంచమం దాకా గొంతు పగలకుండా వెళ్తుందా, మంద్ర పంచమం గాలిగా పోకుండా పలుకుతుందా, రెండూ చూసుకోండి. శ్రుతి దించితే ఒక నష్టం ఉంది: మొదటి నెల వర్ణాలు డల్‌గా అనిపిస్తాయి, చిన్నప్పటి మెరుపు లేదనిపిస్తుంది. ఆరులోనే ఉండాలని మీకు గట్టిగా ఉంటే ఉండొచ్చు, కానీ అప్పుడు ఆరు నెలలు రికార్డింగు మాటెత్తకుండా మంద్ర, మధ్య స్థాయిల్లోనే సాధన చేసి పైకి నెమ్మదిగా ఎక్కాలి. మీ ఉత్తరంలో ఉన్న తొందర చూస్తే మొదటిదే మీకు నప్పుతుందనిపిస్తోంది. సినిమా పాటలు కరోకే ట్రాక్ మీద పాడుతున్నానన్నారు. ఆ ట్రాక్‌ని కూడా ఒకటి రెండు మెట్లు దించుకోవచ్చు, ఆడాసిటీ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో నిమిషం పని.

సాధన ఎప్పుడు చేయాలన్నది మీ ఇంటికి సంబంధించిన ప్రశ్న, అందుకే మూడు దారులు చెబుతాను. ఒకటి, తెల్లవారుజామున అయిదున్నరకు ఇరవై నిమిషాలు. గొంతుకి విశ్రాంతి దొరికిన వేళ, కడుపు ఖాళీ, వీధి నిశ్శబ్దం. కానీ వంట, క్యారేజీలు ఉన్న ఇంట్లో ఆ ఇరవై నిమిషాలు ఎవరో ఒకరు మీకు ఇవ్వాలి, లేదా మీ నిద్ర తగ్గుతుంది. రెండు, వారం రోజులూ సాధన మాత్రమే, అదీ బడి నుంచి వచ్చి గంట మౌనంగా ఉన్నాక సాయంత్రం పూట, పిల్లల ఎదురుగానే. రికార్డింగు ఆదివారం ఉదయం. మూడు, రాత్రి పదిన్నర తప్ప వేరే వేళ కుదరదంటే అలాగే కానివ్వండి. కానీ ఆ వేళ పాడొద్దు. ఆదివారం రికార్డు చేసింది వినండి, కత్తిరించండి, పాట సాహిత్యం రాసుకోండి, కాసేపు స్ట్రా సాధన చేయండి.

స్ట్రా సాధన అంటే కూల్‌డ్రింక్ తాగే గొట్టమే. సగం గ్లాసు నీళ్లలో రెండు మూడు సెంటీమీటర్లు ముంచి, పెదాలు బిగించి, గొట్టంలోకి 'ఊ' అనాలి, బుడగలు రావాలి. ముందు ఒకే షడ్జమం, తర్వాత మెల్లగా పంచమం దాకా జారుతూ పైకి, మళ్లీ కిందికి. గొట్టం సన్నం కావడంతో గాలి వెనక్కి నెడుతుంది, ఆ ఒత్తిడి తంత్రులు గట్టిగా కొట్టుకోకుండా చూస్తుంది. అమెరికాలో స్వరశాస్త్రవేత్త ఇంగో టిట్జె దీని మీద చాలా ఏళ్లు పనిచేసి ప్రచారంలోకి తెచ్చారు. అయిదు నిమిషాలు చాలు, పక్క గదిలో పడుకున్న పిల్లాడికి బుడగల చప్పుడు తప్ప ఏమీ వినపడదు. పాడే పూట ఆ తర్వాత సరళీ వరసలు మొదటి కాలంలో, అంటే నెమ్మదిగా, అకారంతో. వర్ణాలు వచ్చినవాళ్లం, మళ్లీ సరళీ వరసలా అనుకోకండి. పద్నాలుగేళ్ల తర్వాత ఊపిరి ఎక్కడ తెగుతోందో అవే చూపిస్తాయి. మీ రికార్డింగులో చరణం ప్రతి పాదానికీ ఆఖరి అక్షరం గాలిలో కలిసిపోతోంది. ఆ కార్వ (స్వరాన్ని సాగదీసి నిలపడం) నిలబడాలంటే మొదటి కాలమే మందు.

ఇంట్లో వాళ్లతో మాట్లాడటం గురించి మీరు ఏమీ అడగలేదు, అయినా చెబుతాను. ఎవరూ వద్దనలేదని మీరే రాశారు. అయినా దొంగతనంగా చేస్తున్న పనిలా, అందరూ పడుకున్నాక తలుపు వేసుకుని పాడుతున్నారు. మీ ఆయనకి ఉన్నమాట చెప్పండి: 'మైకు వద్దండీ, ఆదివారం పొద్దున్న తొమ్మిది నుంచి పది దాకా పిల్లల్ని బయటికి తీసుకెళ్లండి' అని. 15 వేలు పెట్టడానికి ఒప్పుకున్న మనిషి గంట ఇవ్వడానికి కాదనరనే నా నమ్మకం. ఒకవేళ కుదరకపోతే పిల్లలు ఇంట్లో ఉండగానే పాడండి. వెనకాల వాళ్ల అల్లరి వినిపిస్తుంది, రికార్డింగు పాడవుతుంది, కానీ గొంతు నిండుగా ఉంటుంది. నొక్కి పాడిన శుభ్రమైన రికార్డింగు కంటే నేను దాన్నే వింటాను.

ఇప్పుడు గది. మీ ముందు గదిలో టైల్స్, ఖాళీ గోడలు, గాజు కిటికీ, ఒక ప్లాస్టిక్ కుర్చీ. మధ్యలో నిలబడి ఒక్క చప్పట కొట్టండి, 'టంగ్' మని చిన్న మోత వస్తుంది. పాడినప్పుడు ప్రతి స్వరానికీ ఆ మోత అంటుకుంటోంది. మేనమామ గారికి పీలగా వినపడిన దాంట్లో కొంత వాటా దానిదే. కండెన్సర్ మైకు చెవులు చురుకైనవి, గోడ చెప్పింది కూడా వింటుంది. పడకగదికి మారండి. పరుపు ఉన్న గది, బట్టల బీరువా తలుపులు బార్లా తెరిచి, ఆ బట్టలు మీ ముందు వైపు, మైకు వెనకాల ఉండేలా పెట్టండి. మీ వీపు వెనక గోడకి బొంత గానీ మందపాటి రగ్గు గానీ వేలాడదీయండి. మైకు ఎదురుగా ఉన్న శబ్దాన్ని బాగా తీసుకుంటుంది, మీ వెనక గోడ నుంచి తిరిగొచ్చేది సరిగ్గా ఆ దారినే వస్తుంది, కాబట్టి బొంత అక్కడే ముఖ్యం. గుడ్ల అట్టలు అంటించమని ఎవరైనా చెబుతారు, వినొద్దు. అవి పల్చన, మాట మోతని ఆపలేవు.

గొంతు తగ్గించి పాడుతున్నారు కాబట్టి ఇంటర్‌ఫేస్ మీద గెయిన్ మీట (మైకు శబ్దాన్ని పెంచేది) దాదాపు చివరిదాకా తిప్పానన్నారు. మైకుకి నాలుగు వేళ్ల దూరంలో కూర్చున్నారు. గెయిన్ అంత పెంచితే మీ గొంతుతో పాటు వంటింట్లో ఫ్రిజ్ హోరు, వీధిలో స్కూటరు కూడా పెరుగుతాయి, మొదటి రికార్డింగులో రెండూ విన్నాను. మరీ దగ్గరగా ఉండటంతో కింది స్వరాలు బుంగలోంచి వచ్చినట్టు ఉబ్బాయి, 'ప', 'భ' వచ్చినచోటల్లా గాలి కొట్టింది. నిండు గొంతుతో పాడండి, జానెడు నుంచి జానెడున్నర దూరం జరగండి, మైకు నోటికి నేరుగా కాకుండా కొంచెం పక్కకి పెట్టండి. అప్పుడు గెయిన్ తగ్గించి, మీరు అన్నిటికంటే గట్టిగా పాడే చోట మీటరు మైనస్ 12, మైనస్ 6 డెసిబెల్స్ మధ్య ఉండేలా చూసుకోండి. ఎర్రగా వెలిగితే ఆ పగిలిన స్వరాన్ని తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ బాగుచేయలేదు. ఇవన్నీ చేశాక కూడా గది మోత పోకపోతే అప్పుడు మైకు మార్చండి, కానీ ఖరీదైన కండెన్సర్‌కి కాదు, డైనమిక్ మైకుకి. అది గదిని తక్కువగా వింటుంది. బదులుగా గొంతులోని సన్నని మెరుపు కొంత తగ్గుతుంది, గెయిన్ ఎక్కువ కావాల్సొస్తుంది.

తాళం వెనకబడుతోందని మీరు బాధపడ్డారు. అందులో మీ తప్పు చాలా తక్కువ. బ్లూటూత్ ఇయర్‌ఫోన్‌లో ట్రాక్ మీ చెవికి ఆలస్యంగా చేరుతుంది, మీరు దానికి సరిగ్గా పాడినా రికార్డింగులో వెనకబడ్డట్టే ఉంటుంది. వైరు హెడ్‌ఫోన్ తెచ్చి ఇంటర్‌ఫేస్‌కే పెట్టండి. ఒక చెవి మీద తీసేసి, ఆ చెవితో మీ గొంతు గదిలో ఎలా ఉందో వింటూ పాడండి, శ్రుతి నిలబడుతుంది. ఇంకో మాట, రికార్డింగులో మన గొంతు మనకి ఎప్పుడూ పల్చగానే అనిపిస్తుంది. రోజూ మనం వినేది తల ఎముకల గుండా కూడా వచ్చే గొంతు. మైకుకి ఆ ఎముకల దారి లేదు.

తమ్ముడు చెప్పిన ఆటోట్యూన్ కీర్తనలకి వాడొద్దంటాను. అది ప్రతి స్వరాన్నీ దగ్గర్లో ఉన్న మెట్టు మీదికి లాగి నిలబెడుతుంది. మన గమకం మెట్ల మధ్య ఊగడంలోనే ఉంది, అది చదునైపోతే రాగం మొహం మారిపోతుంది. సినిమా పాటకి, చాలా తక్కువ మోతాదులో అయితే అభ్యంతరం లేదు. 80 హెర్ట్జ్ కింద శబ్దం కోసేయడం, కొద్దిగా రివర్బ్ (కృత్రిమ ప్రతిధ్వని), ఇవి చాలు.

గురువు గురించి. ఇంటర్‌నెట్‌లో నేర్చుకుంటే ప్రయాణం ఉండదు, కానీ శబ్దం ఆలస్యం కావడంతో ఇద్దరూ కలిసి పాడలేరు. వాళ్లు పాడితే మీరు విని, తర్వాత మీరు పాడాలి. విజయనగరం సంగీత కళాశాలలో చేరాలని చిన్నప్పుడు కోరిక ఉండేదన్నారు. 1919లో ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి అధ్యక్షులుగా మొదలైన ఆ కళాశాలలో సర్టిఫికెట్, డిప్లొమా కోర్సులు ఇప్పుడూ ఉన్నాయి. ఉద్యోగం, దూరం చూసుకుంటే రోజూ వెళ్లడం మీకు కష్టమే. మీ పాత మాస్టారు అదే వీధిలో ఉన్నారని రాశారు కదా. దసరా సెలవుల్లో పుట్టింటికి వెళ్లినప్పుడు నాలుగు రోజులు ఆయన ఎదురుగా కూర్చుని పాడండి. శ్రుతి దించానని ముందే చెప్పండి. పక్కన కూర్చున్న మనిషికి మీ భుజం బిగుసుకోవడం, గడ్డం పైకి లేవడం కనిపిస్తాయి, ఫోన్లో కనిపించవు.

గ్రూపులో పెట్టడం మానమని చెప్పను. కానీ రెండు నెలలు ఆగి, ఈలోపు ఒక్క ఆడపడుచుకి మాత్రం పంపితే ఎలా ఉంటుందో ఆలోచించండి. తేడా పట్టుకున్న చెవి ఆమెది, పైగా ఉన్నమాట చెప్పింది. ఫైలుని డాక్యుమెంట్‌గా పంపండి. వాయిస్ మెసేజ్‌గా పంపితే శబ్దం నొక్కుకుపోతుంది.

మూడు ఆదివారాలు అయ్యాక నాకూ ఒకటి పంపండి. ట్రాక్ వద్దు, కీర్తన పల్లవి ఒక్కటి చాలు. రికార్డు నొక్కాక పాడే ముందు పది సెకన్లు ఊరికే ఉండండి, గది చప్పుడు ఎంతుందో దాన్ని బట్టి తెలుస్తుంది. మధ్యలో పిల్లాడు దగ్గినా ఆపకండి, అదే ఎత్తులో పాడుతూ వెళ్లండి.